రాట్‌వైలర్ పిల్లను ఎంచుకోవడం, పెంచడం: కొనకముందు నుంచి రెండేళ్లు నిండేదాకా

రాట్‌వైలర్ గురించి నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. ఇంకా కొననివాళ్లు "ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు వస్తుంది?" అంటారు. కొన్నవాళ్లు "ఏం పెడితే తొందరగా సైజు వస్తుంది?" అంటారు. ఈ రెండో ప్రశ్నే చాలా కుక్కల్ని కుంటివాటిని చేసింది.

నెల నిండీ నిండని పిల్లను తెచ్చేయడం, రోజూ కాల్షియం తాగించడం, ఐదో నెలలో స్కూటర్ వెనక పరిగెత్తించడం, ఇవన్నీ ఆత్రంతో చేసే పనులే. మా మొదటి కుక్క విషయంలో నేనూ వీటిలో రెండు చేశాను. అందుకే కింద చెప్పేవి వరసగా, ఏ మెట్టూ దాటేయకుండా చేయండి. డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్, కేన్ కోర్సో లాంటివాటికీ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

## 1. పిల్లకంటే ముందు ఇల్లు చూసుకోండి

పెరిగిన మగ రాట్‌వైలర్ భుజం దగ్గర 61 నుంచి 68 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల బరువు ఉంటుంది. ఆడది 56 నుంచి 63 సెంటీమీటర్లు, 42 కిలోల దాకా. ఆయుష్షు సాధారణంగా ఎనిమిది నుంచి పదేళ్లు. అంటే ఇప్పుడు ఐదో తరగతి చదివే మీ అబ్బాయి ఇంజనీరింగ్ కాలేజీలో చేరేదాకా దాని బాధ్యత మీదే.

పశువుల్ని తోలడానికి, బండి లాగడానికి తయారైన జాతి ఇది. అందుకే ఒంటితో నెట్టడం దానికి పుట్టుకతో వచ్చే అలవాటు. కోపం లేకుండానే, ప్రేమగానే, మోకాళ్లకు ఒక్క తోపు తోస్తుంది. ఇంట్లో కర్ర పట్టుకుని నడిచే తాతయ్యో, రెండేళ్ల పాపో ఉంటే ముందు ఆలోచించాల్సింది పళ్ల గురించి కాదు, ఈ తోపు గురించి.

మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్నలు:

- రోజుకు గంటన్నర, ఏడాది పొడవునా, ఇంట్లో ఎవరు ఇస్తారు? పేరు చెప్పండి. "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూసుకోరని అర్థం.
- ఊరెళ్తే ఎవరి దగ్గర వదులుతారు? లాబ్రడార్‌ను ఉంచుకునే పక్కింటివాళ్లు దీన్ని ఉంచుకోకపోవచ్చు.
- నెలకు 15 కిలోల మంచి డ్రై ఫుడ్ బస్తా ఒకటి దాదాపు ఖాళీ అవుతుంది. మత్తుమందు నుంచి పిడుదుల మాత్ర దాకా అన్నీ బరువును బట్టే కాబట్టి బిల్లు కూడా బరువుగానే ఉంటుంది. సరేనా?
- మే నెలలో మధ్యాహ్నం కుక్క ఎక్కడ పడుకుంటుంది? "మేడ మీద రేకుల షెడ్డులో" అన్నది మీ జవాబైతే ఇక్కడితో ఆగిపోండి.
- ఇంతకుముందు ఏ కుక్కనైనా పెంచారా? పెంచకపోతే, మొదటి కుక్కగా రాట్‌వైలర్ వద్దనే నేను చెప్తాను.

## 2. కాగితాల పని

అద్దె ఇల్లయితే ఓనరుకు జాతి పేరుతో సహా ముందే చెప్పి ఒప్పించండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని పూర్తిగా నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెప్తున్నాయి. అలాగని దాన్ని పట్టుకుని గొడవకు దిగితే రేపు లిఫ్టులో ఎదురయ్యేదీ వాళ్లే.

2024 మార్చిలో కేంద్రం రాట్‌వైలర్‌తో సహా 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. ఘజియాబాద్ లాంటి కొన్ని నగరాలు మాత్రం సొంతంగా ఆంక్షలు పెట్టుకున్నాయి. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే మీ మున్సిపాలిటీలో ప్రస్తుతం ఏ నియమం ఉందో అడగండి. జీహెచ్‌ఎంసీ పరిధిలో పెంపుడు కుక్కకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దానికి రేబిస్ టీకా సర్టిఫికెట్ కావాలి.

ఇంకో సంగతి. మీ నిర్లక్ష్యం వల్ల మీ కుక్క ఎవరికైనా ప్రమాదం కలిగించే పరిస్థితి వస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గేటు గడియ పడకపోతే ఈ వారమే బాగు చేయించండి.

## 3. బ్రీడర్ దగ్గర: ముందు తల్లి, తర్వాత పిల్ల

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెప్తున్నాయి. బజార్లో దొరికేవి మాత్రం ముప్పై, ముప్పై ఐదు రోజుల పిల్లలే. అడిగితే "నలభై ఐదు రోజులు సార్" అంటారు. చిన్నగా ఉంటే ముద్దొస్తుంది, తొందరగా అమ్ముడవుతుంది, అదీ లెక్క.

వయసు పట్టుకోవడానికి ఒక దారి ఉంది. నోరు తెరిచి చూడండి. ఎనిమిది వారాలకల్లా 28 పాలపళ్లూ వచ్చేస్తాయి. వెనక పళ్లు ఇంకా చిగుళ్లలోనే ఉంటే ఆ పిల్ల తల్లి దగ్గర ఉండాల్సిన వయసులో ఉందన్నమాట. తోబుట్టువులతో ఆడుతూ "ఇంత గట్టిగా కరిస్తే ఆట ఆగిపోతుంది" అని నేర్చుకునేది ఐదో వారం నుంచి ఎనిమిదో వారం లోపే. ఆ పాఠం ఎగ్గొట్టిన 50 కిలోల కుక్కకు దాన్ని మీ చేతుల మీద నేర్పాల్సి వస్తుంది.

బ్రీడర్లు వాడే మాటలకు నా అనుభవంలో తేలిన అర్థాలు:

- డబుల్ బోన్, హెవీ బోన్: అర్థం లేదు. ఎముకలు ఏ కుక్కకైనా ఒకే లెక్క. పిల్లకు అతిగా తినిపించారని మాత్రం అనుమానించండి.
- చాంపియన్ లైన్: ముత్తాత గెలిచి ఉండొచ్చు. అమ్మానాన్నల తుంటి ఎక్స్‌రే అడగండి.
- కేసీఐ పేపర్స్: కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం వంశం చెప్తుంది, ఆరోగ్యం చెప్పదు. కాగితం మీది మైక్రోచిప్ (పిల్ల చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) నంబరు, స్కానర్‌లో వచ్చే నంబరు ఒకటేనా అని చూడండి.
- జర్మనీ లైన్: జర్మనీలో రాట్‌వైలర్ క్లబ్ ఏడీఆర్‌కే నియమం ప్రకారం తుంటి, మోచేయి ఎక్స్‌రేలు, ప్రవర్తన పరీక్ష పాసైన కుక్కలనే జత కట్టిస్తారు. పేరు జర్మనీదైతే ఆ కాగితాలూ చూపించాలి కదా అని అడగండి.

ఈ జాతికి తుంటి, మోచేతి కీళ్ల లోపాలు ఎక్కువ. గుండె దగ్గర రక్తనాళం సన్నబడే జబ్బు వంశంలో వస్తుంది. ఎముక క్యాన్సర్ కూడా ఈ జాతిలో ఎక్కువే. మన దగ్గర ఎక్స్‌రేలు తీయించే బ్రీడర్లు తక్కువ. అయినా అడగండి. "అవేం అక్కర్లేదండీ" అని నవ్వేవాడికీ, "తుంటికి తీయించాను, మోచేతికి తీయించలేదు" అని ఒప్పుకునేవాడికీ చాలా తేడా ఉంటుంది.

తల్లిని చూడకుండా పిల్లను కొనకండి. కొత్తవాళ్లను చూసి కాసేపు మొరగడం, తర్వాత సర్దుకుని వాసన చూడడం మామూలే. మూలకు నక్కి వణికితేనో, యజమాని పక్కనే ఉన్నా మీదికి దూకుతూనే ఉంటేనో డబ్బు జేబులో పెట్టుకుని వచ్చేయండి. భయపడే తల్లి పిల్లలకు ఆ భయం అంటుకునే ఉంటుంది.

## 4. పిల్లను చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

తిండి పెట్టకముందు, పిల్లలు మేలుకుని ఉన్నప్పుడు వెళ్లండి. కనీసం గంట కూర్చోండి.

- చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోతే నులిపురుగులో, పిడుదుల జబ్బో ఉండొచ్చు.
- పొట్ట కుండలా ఉబ్బి, పక్కటెముకలు తేలి ఉంటే కడుపు నిండా పురుగులే.
- బొడ్డు దగ్గర మెత్తని బుడిపె ఉంటే హెర్నియా (లోపలి కొవ్వో పేగో బయటికి తోసుకురావడం) కావచ్చు. డాక్టరుకు చూపించకుండా తీసుకోవద్దు.
- కనురెప్పలు లోపలికి ముడుచుకుని ఎప్పుడూ నీళ్లు కారుతుంటే తర్వాత ఆపరేషన్ అవసరం కావచ్చు.
- మగపిల్లకు రెండు వృషణాలూ దిగాయా అని చూడండి.
- నేల మీద నడిపించండి. వెనక కాళ్లు కలిపి కుందేలులా గెంతుతుంటే తుంటి లోపం ఉండొచ్చు.
- తాళాల గుత్తి కొంచెం దూరంలో పడేయండి. ఉలిక్కిపడి, మళ్లీ దగ్గరికొచ్చి వాసన చూసే పిల్ల మంచిది.

అందరికంటే ముందు మీ మీదికెక్కి, తోబుట్టువుల్ని తొక్కుకుంటూ వచ్చే పిల్లే నచ్చుతుంది మనకు. మొదటిసారి పెంచేవాళ్లు దాన్ని వదిలేసి, నింపాదిగా రెండోదిగానో మూడోదిగానో వచ్చినదాన్ని ఎంచుకోండి. తోక కత్తిరించి ఇస్తామంటే వద్దనండి. అంతర్జాతీయ జాతి ప్రమాణం కూడా సహజమైన తోకనే కోరుతోంది.

## 5. పిల్ల వచ్చేలోపు ఇల్లు

మన ఇళ్లలో పెద్ద శత్రువు నేల. నున్నటి టైల్స్, గ్రానైట్ మీద పిల్ల కాళ్లు ఎడంగా జారుతూనే ఉంటాయి. అసలే బలహీనమైన తుంటికి ఇది రోజూ దెబ్బ. మా మొదటి కుక్క హాల్లో జారుతుంటే వీడియోలు తీసి నవ్వుకున్నాం. ఏడాదిన్నరకు ఎక్స్‌రే చూశాక ఆ వీడియోలు మళ్లీ తెరవలేదు.

- అది తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లో, ఉతికిన గోనె పట్టాలో పరవండి.
- మెట్లకు అడ్డం పెట్టండి.
- ఇంటి లోపలే ఒక మూల దానిది చేయండి. పెద్ద బోనయినా సరే, కంచె వేసిన మూలయినా సరే.
- వైర్లు, చెప్పులు, ఎలుకల మందు, బొద్దింకల మందు అందకుండా తీసేయండి.
- కుక్కల్ని బాగా చూసే డాక్టరు నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

గొలుసుతో కట్టేసి పెంచే ఆలోచన ఉంటే మానేయండి. రోజంతా కట్టేసిన కుక్క కాపలా కాయదు, కోపం పెంచుకుంటుంది.

## 6. మొదటి వారం

బంధువుల్ని పిలవకండి. బ్రీడర్ పెట్టిన తిండే వారం పాటు పెట్టండి, తర్వాత ఏడు నుంచి పది రోజుల్లో కొత్తదానికి కొద్దికొద్దిగా మార్చండి. మొదటి మూడు రాత్రులు ఏడుస్తుంది. మీ మంచం పక్కనే పడుకోబెట్టుకుంటే సగం ఏడుపు తగ్గుతుంది. "అలవాటైపోతుంది, బయటే వదిలెయ్" అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వినకండి.

నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక ఒకే చోటికి తీసుకెళ్తే పది, పదిహేను రోజుల్లో ఆ చోటు దానికి తెలిసిపోతుంది.

## 7. టీకాలు, నులిపురుగుల మందు

పార్వో అనే పేగుల వైరస్ జబ్బు ఏ పిల్లకైనా ప్రమాదమే. రాట్‌వైలర్, డాబర్‌మన్ పిల్లల్లో మరీ తీవ్రంగా వస్తుంది. రక్తంతో విరేచనాలు, వాంతులు మొదలయ్యాక ఒక్క రోజు ఆలస్యమైనా చేజారిపోవచ్చు.

- డిస్టెంపర్ (ఇదీ వైరస్ జబ్బే), పార్వో ఉండే కాంబినేషన్ టీకా (నైన్ ఇన్ వన్, సెవెన్ ఇన్ వన్ అంటుంటారు): ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది, తర్వాత మూడు, నాలుగు వారాలకొకటి. చివరిది 16 వారాలు నిండాకే పడాలి.
- రేబిస్: 12 వారాలు దాటాక. తర్వాత డాక్టరు చెప్పిన బూస్టర్, ఆపైన ప్రతి ఏడూ.
- నులిపురుగుల మందు: మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. తూకం వేసి డోసు అడగాలి, కంటి అంచనాతో కాదు.

ఎక్కువమంది చేసే పొరపాటు రెండు డోసులతో ఆపేయడం. తల్లిపాలతో వచ్చిన రక్షణ తగ్గేదాకా టీకా సరిగా పట్టదు, అందుకే ఆ 16 వారాల డోసే అసలైనది. బ్రీడర్ "టీకా వేసేశాం" అంటే కార్డు మీద సీసా స్టిక్కరు, డాక్టరు సంతకం చూడండి. లేకపోతే వేయలేదనే లెక్క.

## 8. తిండి: అసలు తప్పులన్నీ ఇక్కడే

ఎన్నిసార్లు పెట్టాలి? నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడు, ఆ తర్వాత జీవితాంతం రెండు. ఒకేపూట కుంభం పోసినట్టు పెట్టడం ఈ జాతికి ప్రమాదం. ఎందుకో 14లో చెప్తాను.

ఏం పెట్టాలి? తేలిక దారి, పెద్ద జాతి పిల్లల కోసమే చేసిన డ్రై ఫుడ్. సంచి మీద "లార్జ్ బ్రీడ్ పప్పీ" అని ఉండాలి, కాల్షియం 1.5 శాతం దాటకూడదు.

ఇక కాల్షియం సీసా సంగతి. ఆరు నెలల లోపు పిల్ల ఒంటికి అనవసరమైన కాల్షియాన్ని వద్దనే శక్తి సరిగా ఉండదు. పోసినంతా లోపలికి వెళ్తుంది, ఎముకలు వంకరగా పెరుగుతాయి, కీళ్లు పాడవుతాయి. డ్రై ఫుడ్ మీద కాల్షియం సిరప్ పోయడమంటే ఉప్పు సరిపోయిన పప్పులో ఇంకో గుప్పెడు ఉప్పు వేయడమే.

చికెన్, అన్నం పెట్టేవాళ్ల సమస్య దీనికి తలకిందులు. ఎముక లేని మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు ఉండదు. వీళ్లకు కాల్షియం కావాలి, కానీ గ్రాముల్లో కొలిచి. ఇంటి తిండే పెడతామంటే పిల్ల బరువు చెప్పి డాక్టరు చేత పట్టిక రాయించుకోండి. పెరుగన్నం మీద పెరిగే రాట్‌వైలర్లను నేను చూశాను. పొట్ట వస్తుంది, కండ రాదు. పెరుగు రెండు చెంచాలు వేయండి, తప్పులేదు. అదే భోజనం కాకూడదు.

ఎంత పెట్టాలి? సంచి మీద రాసినదానికంటే కాస్త తక్కువతో మొదలుపెట్టి, చేత్తో చూసుకుంటూ మార్చండి. మీ పిడికిలి బిగించి కణుపుల మీద వేలు పెడితే ఎముక పొడుచుకొస్తుంది. కుక్క పక్కటెముకలు అలా తగిలితే తక్కువ తింటోంది. పిడికిలి విప్పి అరచేతి వైపు తడమండి, ఎముక ఎక్కడో లోపల ఉంటుంది. అలా ఉంటే ఎక్కువైంది. అరచేతిని బోర్లా చాపి వేళ్ల వెనక ఎముకలు తడిమినట్టు, పలచటి పొర కింద తెలిస్తే సరిపోయింది.

అమెరికాలో 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించిన ఒక అధ్యయనంలో, పావు వంతు తక్కువ తిన్నవి తమతో జత కలిపి పోల్చిన తోబుట్టువులకంటే దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల జబ్బూ వాటికి ఆలస్యంగా వచ్చింది. "ఏంటండీ ఇంత సన్నగా ఉంది" అని వీధిలో ఎవరైనా అంటే మీరు సరిగ్గానే పెంచుతున్నారు.

పెట్టకూడనివి:

- ఉల్లి, వెల్లుల్లి. అంటే మన మసాలా కూరల్లో ఏదీ పనికిరాదు.
- ద్రాక్ష, కిస్‌మిస్. పాయసం పర్లేదనుకుని పెట్టి, అందులో కిస్‌మిస్ మరిచిపోతారు.
- చాక్లెట్, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉండే చూయింగ్ గమ్.
- వండిన బొమికలు. బిర్యానీ తిన్న మర్నాడే పేగులో ఇరుక్కున్న ఎముకతో ఆసుపత్రికి పరిగెత్తినవాళ్లున్నారు.

## 9. నడక, పరుగు

పెద్ద జాతుల్లో ఎముకల చివర ఎదిగే భాగాలు పూర్తిగా గట్టిపడడానికి 14 నుంచి 18 నెలలు పడుతుంది. అప్పటిదాకా:

- స్కూటర్, సైకిల్ వెనక పరుగు వద్దు.
- కారులోంచి, గోడ మీంచి దూకనివ్వొద్దు. ఎత్తుకుని దించండి. బరువైతే పలక వాలుగా పెట్టండి.
- బంతి విసిరి పదే పదే గిర్రున తిప్పొద్దు.
- మట్టి మీద, గడ్డి మీద దాని ఇష్టానికి అది తిరగనివ్వండి. అలిసి కూర్చుంటే లేపకండి.

పద్దెనిమిది నెలలు దాటాక నెమ్మదిగా పెంచుతూ పొద్దున, సాయంత్రం నలభై ఐదు నిమిషాల చొప్పున చాలు. ముక్కుకు పని చెప్పండి. పెరట్లో తిండి గింజలు చల్లి వెతకమంటే అరగంట నడకంత అలిసిపోతుంది.

## 10. లోకానికి అలవాటు చేయడం, మాట నేర్పడం

మూడో వారం నుంచి సుమారు 14వ వారం దాకా కుక్కపిల్ల చూసిందల్లా మామూలుగా తీసుకుంటుంది. ఆ తలుపు మూసుకున్నాక కొత్తది ప్రతిదీ అనుమానమే. టీకాలు పూర్తికాలేదని ఈ నెలలన్నీ నాలుగు గోడల మధ్య ఉంచడం పెద్ద నష్టం. నేల మీద దింపకుండా ఎత్తుకుని చూపించండి.

- హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, గొడుగు, కర్ర, గడ్డం, బురఖా, యూనిఫాం
- కుక్కర్ విజిల్, మిక్సీ, పెళ్లి బ్యాండు, దూరంగా టపాసులు
- ఆటో, బస్టాండు, గేదెలు, కోళ్లు
- పిల్లలు పరిగెత్తే గ్రౌండు, బయట కూర్చుని చూడడమే

గమనించండి, పదిమంది చేత ముద్దు చేయించడం కాదు ఇది. చూసి, పట్టించుకోకుండా ఉండడం నేర్పడం. హైదరాబాద్‌లో ఉంటే బోనాల డప్పుకు పిల్లను నేరుగా తీసుకెళ్లకండి. రెండు వీధుల అవతల నుంచి వినిపిస్తూ తినడానికి ఏదైనా పెడితే చాలు.

మాటలు ఇంట్లో అందరూ ఒకేలా వాడాలి. నాన్న "సిట్", అమ్మ "కూర్చో", అమ్మమ్మ "కూకో" అంటే దానికి మూడూ అర్థం కావు. తెలుగులోనే చెప్పండి, నష్టం లేదు. మొదటి ఆరు నెలల్లో నాలుగు చాలు: కూర్చో, ఆగు, రా, వదిలెయ్. రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు, చేసిన వెంటనే చిన్న తినుబండారం.

- చేతులు కొరుకుతుంటే: ఆట ఆపి, లేచి వెళ్లిపోండి. అరిస్తే దానికి అదీ ఆటే.
- గిన్నె దగ్గర గుర్రుమంటే: గిన్నె లాక్కోకండి. దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఇంకా రుచైన ముక్క వేసి వెనక్కి రండి.
- గుర్రుమన్నందుకు కొట్టకండి. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.
- "ఎటాక్ ట్రైనింగ్" ఇస్తామనేవాళ్ల దగ్గరికి పంపకండి. మూడు వారాలు ఎవరి షెడ్డులోనో ఉండి వచ్చిన కుక్క ఏం నేర్చుకుందో మీకు తెలియదు. ఇంటి కాపలాకు దాని ఆకారం, గొంతు చాలు.

ఎనిమిదో నెల నుంచి ఏడాదిన్నర దాకా వచ్చే వయసు కష్టమైనది. నేర్చుకున్నది మరిచినట్టు నటిస్తుంది. ఎక్కువమంది రాట్‌వైలర్లను వదిలించుకునేది ఈ వయసులోనే. గొంతు పెంచకుండా మళ్లీ మొదటి పాఠాలకు వెళ్లండి.

## 11. గేటు, వీధి

గేటుకు రెండో గడియ, పైన బోర్డు. ఎవరైనా వస్తే ముందు కుక్క గదిలోకి, తర్వాత తలుపు తెరవడం. ఈ వరస పనమ్మాయికి, పిల్లలకు కూడా రావాలి. ఎంత మంచి కుక్కయినా పదేళ్లలోపు పిల్లలతో ఒంటరిగా వదలకూడదు. దాన్ని పట్టుకుని నడిపే బలం లేనివాళ్ల చేతికి లీష్ ఇవ్వకండి.

ఎద్దుకు చిక్కం కట్టినట్టు, నోరు తెరిచి వగర్చడానికి వీలున్న బుట్ట లాంటి మూతి కవచాన్ని చిన్నప్పుడే అలవాటు చేయండి. లోపల వేరుశనగ వెన్న రాసి నాకనిస్తే వారంలో దానంతటదే మూతి పెడుతుంది. డబ్బా మీద జైలిటాల్ లేదని చూసి కొనండి. ఆసుపత్రిలో, రద్దీలో ఎంత పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

ఎవరికైనా పన్ను తగిలితే, చిన్న గీతయినా, సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ కుక్కకు టీకాలున్నా సరే.

## 12. ఎండాకాలం

నల్లటి ఒళ్లు, కింద ఇంకో దట్టమైన పొర. చల్లటి దేశం కుక్క ఇది. రెంటచింతల, రామగుండం వైపు ఉండేవాళ్లకు మే నెల గురించి నేను చెప్పక్కర్లేదు.

- నడక పొద్దున ఆరున్నర లోపు, మళ్లీ రాత్రి ఏడు దాటాక. రోడ్డు మీద మీ చేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు.
- మధ్యాహ్నం ఇంట్లోనే, ఫ్యాను కింద. కూలర్ ఉంటే కిటికీ కూడా తెరవండి, లేకపోతే గాలిలో తేమ పెరిగి ఇంకా ఉక్కపోస్తుంది. కోస్తాలో ఉక్క రోజుల్లో కూలర్‌కంటే ఏసీయే నయం.
- రెండు చోట్ల నీళ్లు. పిల్లలు ఆడే ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోస్తే పొట్ట ఆనించి పడుకుంటుంది.
- బొచ్చు గుండు గీయించకండి. ఎండను ఆపేదీ ఆ బొచ్చే. రోజూ దువ్వి రాలేదాన్ని తీసేస్తే చాలు.
- ఆపి ఉంచిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలకండి.

మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే జాగ్రత్తపడాలి, 106 దాకా వస్తే ప్రాణం మీదికి వచ్చినట్టు. ఆగకుండా వగర్చడం, చిక్కటి చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలడం కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టండి. పైపుతో ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య నీళ్లు పోయండి, ఫ్యాను పెట్టండి. తడి దుప్పటి కప్పి ఉంచకండి, కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది. వేడి 103.5కి దిగాక నీళ్లు ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. తేరుకున్నట్టు కనిపించినా వెళ్లాలి, లోపల మూత్రపిండాలు దెబ్బతిని ఉండొచ్చు.

## 13. పిడుదులు

కొన్నిచోట్ల గోమార్లు అంటారు. మన ఊళ్లలో పెద్ద కుక్కలు ఎక్కువగా పోయేది వీటి వల్ల వచ్చే జ్వరంతోనే అని నా అనుమానం. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, మంచం కోళ్లలో ఉంటాయి. ఒక్కో ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది.

- రోజూ చెవుల లోపల, వేళ్ల సందులు, మెడ బెల్టు కింద, తోక మొదట్లో వెతకండి.
- ట్వీజర్ లాంటి సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు.
- డాక్టరు బరువు చూసి రాసిన మాత్రో, మెడ మీద వేసే మందో వాడండి. మూర్ఛలు వచ్చే కుక్కయితే ఆ సంగతి ముందే చెప్పండి.
- గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. ఇది చేయకపోతే మిగతాదంతా దండగే.
- పశువులకు కొట్టే పురుగుమందును అంచనాగా కలిపి కుక్క మీద పోయకండి.

తిండి మానేసినా, జ్వరం ఉన్నా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, పొట్ట మీద ఎర్రచుక్కలు కనిపించినా అదే రోజు రక్త పరీక్ష చేయించండి. మందు మూడు, నాలుగు వారాలు వాడమంటే వారంలో లేచి తిరుగుతోందని ఆపేయకండి.

## 14. ఆపరేషన్, అత్యవసరం

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ విషయంలో కూడా తొందర వద్దు. ఏడాది నిండకముందు చేయించిన రాట్‌వైలర్లలో ఎముక క్యాన్సర్, కీళ్ల జబ్బులు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఏడాది దాటాక డాక్టరుతో మాట్లాడి తేదీ పెట్టుకోండి. ఆడకుక్కకు ఆపరేషన్ చేయించకపోతే, హీట్ (ఎద) అయిపోయిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ, నీరసంగా ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూపించాలి.

ఇక కడుపు ఉబ్బు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కల్లో జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలి తిరుగుతుంది. తిన్నాక గంట, పరిగెత్తాక గంట విరామం, రోజుకు రెండుపూటల తిండి దీనికోసమే. గుర్తులు:

- వాంతి చేసుకోబోతుంది, ఏమీ రాదు
- పొట్ట డప్పులా బిగుసుకుంటుంది
- కూర్చోలేదు, పడుకోలేదు, చొంగ కారుస్తుంది

వామునీళ్లు, సోడా, జీలకర్ర కషాయం ఏవీ పనిచేయవు. ఆపరేషన్ ఒక్కటే దారి, అదీ గంటల్లో జరగాలి.

దీనికి ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. లేవలేని 50 కిలోల కుక్కను ఒక్కరు ఎత్తలేరు. మందపాటి దుప్పటి మీద పడుకోబెట్టి, చెరో వైపు ఇద్దరు పట్టుకుని కారు దాకా మోయాలి. కుక్క బాగున్న ఒక ఆదివారం దీన్ని ఆటలా రెండుసార్లు చేసి చూడండి, దిగాక ఓ ముక్క పెట్టండి. ఆ దుప్పటిని మడిచి గేటు పక్కనే ఉంచండి.